మూడు చక్రాల బండికి సంచి: ముందు పట్టీ చూడండి

అమెరికాలోని మన సంఘం వెలువరించే ఈ ఏడాది సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, మన అనంతపురం వాళ్లకు నేరుగా పనికొచ్చే విషయమే రాస్తానని మాటిచ్చాను. నేత పట్టీలనూ పూత వేసిన బట్టలనూ లాగి, వేడిచేసి, తడిపి పరీక్షించడం నా ఉద్యోగం. మూడు చక్రాల మోటారుసైకిల్ మీద ఊళ్లు తిరగడం నా ఇష్టం. అందుకే ఈ వ్యాసం సంచుల గురించి.

మోకాళ్లు సహకరించక రెండు చక్రాల బండి వదిలి, కెన్-యామ్ స్పైడర్‌కో హార్లీ ట్రై గ్లైడ్‌కో మారిన మిత్రులు మనలో కొందరున్నారు. సెలవులకు ఊరెళ్లినప్పుడు సైడ్‌కార్ తగిలించిన బుల్లెట్ మీద లేపాక్షి, పెనుకొండ, తిమ్మమ్మ మర్రిమాను చుట్టి రావాలని ఉబలాటపడేవారు అంతకన్నా ఎక్కువ. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, తక్కువలో మంచి బ్యాగు ఏదో చెప్పు." దానికి నా జవాబు కూడా ఒకటే. సంచి బట్ట మీద ఎంతైనా ఆదా చేయండి. పట్టీ మీద మాత్రం ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోవద్దు.

బరువు ఎక్కడ పెట్టాలి?

మూడు చక్రాల బండ్లన్నీ ఒకటి కావు. కెనడాకు చెందిన బీఆర్‌పీ కంపెనీ 2007లో తెచ్చిన స్పైడర్‌కు ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. దాని ముందు భాగంలోనే సామాను పెట్టె ఉంటుంది. బరువైనవి అందులోకే వెళ్లాలి. బండిని తిప్పేవీ, బ్రేకు వేసినప్పుడు బరువులో ఎక్కువ భాగం మోసేవీ ముందు చక్రాలే కాబట్టి, వెనక చక్రం దాటి బయటికి వేలాడే సంచిలో బరువు పెడితే ముందు పట్టు తగ్గుతుంది. ట్రై గ్లైడ్, మన ఊరి ఆటో ఇంకో రకం: ముందు ఒకటి, వెనక రెండు. వీటికి వెనక ఇరుసు దాటి బరువు కడితే ఆ ఒక్క ముందు చక్రమూ తేలికై హ్యాండిల్ మాట వినదు. ఆటో టాపు మీద కట్టిన సూట్‌కేసు మలుపులో బండిని పక్కకు లాగుతుంది.

మూడోది సైడ్‌కార్. అమెరికాలో అది కుడివైపు ఉంటుంది, మన దేశంలో ఎడమవైపు. సైడ్‌కార్ ఏ వైపు ఉంటే ఆ వైపు మలుపు తిరిగేటప్పుడు దాని చక్రం నేల వదిలి లేస్తుంది. ఇక్కడ అమెరికాలో కుడి మలుపులో జాగ్రత్తపడే అలవాటున్నవారు, ఊళ్లో ఎడమ మలుపులో జాగ్రత్తపడాలి. సైడ్‌కార్‌లో మనిషి లేకపోతే బరువైన సంచిని దాని అడుగున, దాని చక్రానికి దగ్గరగా పెట్టి గట్టిగా కట్టాలి. సీటు మీద ఊరికే పడేస్తే మొదటి మలుపుకే జారిపోతుంది.

ఇంతవరకూ బండి కొన్న చోట ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఇకపై ఉంది.

పట్టీ దగ్గర వచ్చే ప్రమాదం

మన దేశంలో సైడ్‌కార్ ఎడమవైపు ఉండటంతో, పక్కకు వేలాడే సంచికి మిగిలేది కుడివైపే. బుల్లెట్ సైలెన్సరూ కుడివైపే ఉంటుంది. అంటే మనం సంచి కట్టగలిగే ఒకే ఒక్క చోటు బండిలో బాగా వేడెక్కే గొట్టానికి పైన ఉంది.

కదిరి నుంచి గూటిబయలు వెళ్లే దారిలో నాకు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన సంచి, చీటీ మీద పట్టీలు నైలాన్ అని రాసి ఉంది. సంచి బట్ట చెక్కుచెదరలేదు. కింది పట్టీ మాత్రం సైలెన్సర్‌కు దగ్గరై, మెత్తబడి, సాగి తెగింది. సంచి ఒక పక్కకు వాలింది. వేలాడే పట్టీ కొస వెనక చక్రం పుల్లల్లోకి వెళ్లి చుట్టుకుంది. ఊరి మలుపులో బండి నెమ్మదిగా ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద అయి ఉంటే చక్రం బిగుసుకుపోయేది. తెగిన కొసను చేతిలోకి తీసుకుని చూస్తే, నేత పోగులు కనబడకుండా కరిగి, ముదురు పాకంలా సాగి, చివర నల్లటి గట్టి గుండుగా నిలిచి ఉంది. నైలాన్ అంత తేలిగ్గా అలా కరగదు. అది పాలీప్రొపిలీన్.

ఈ తేడా లెక్కల్లో చూడండి. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. బలం అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. నైలాన్-6 కరగాలంటే దాదాపు 220 డిగ్రీలు కావాలి, పాలియెస్టర్‌కు 250 దాటాలి. ఇంజను నుంచి బయటికొచ్చే గొట్టం బండి నడుస్తుండగా 200 డిగ్రీలను సులువుగా దాటుతుంది. అందుకే పాలీప్రొపిలీన్ పట్టీ ఆ చుట్టుపక్కల ఉండనే కూడదు. పట్టీ మంచిదైనా దానికి తగిలించిన ప్లాస్టిక్ బకిల్ సంగతి చూసుకోవాలి. సాధారణంగా వాటికి వాడే ఎసిటాల్ కూడా 170 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతుంది. సైలెన్సర్ వైపు లోహపు క్యామ్ బకిల్ వేయించండి.

కొనేముందు పట్టీ ఏదో తెలుసుకోవడానికి ల్యాబు అవసరం లేదు. పట్టీ కొస అంగుళం ముక్క కత్తిరించి, గ్లాసు నీళ్లలో ఒక్క చుక్క సబ్బు నీరు కలిపి అందులో వేయండి. ముక్కను నీళ్లలోపలే వేళ్లతో నొక్కి, పోగుల మధ్య గాలి బుడగలు పోనివ్వండి. తరువాత వదిలేయండి. పైకి తేలితే పాలీప్రొపిలీన్, ఎందుకంటే అది నీటికన్నా తేలిక. మునిగితే నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ అయి ఉంటుంది. చీటీ మీద ఏం రాసినా గ్లాసులో నీళ్లు అబద్ధం చెప్పవు. ముక్క కత్తిరించనివ్వని దుకాణంలో సంచి కొనకండి.

నైలాన్, పాలియెస్టర్ రెండింట్లో నేను పాలియెస్టర్‌కే ఓటేస్తాను. నైలాన్ నీళ్లు పీల్చుకుని కొంత సాగుతుంది, పాలియెస్టర్ అలా సాగదు. ఎండకు ఓర్చుకోవడంలో కూడా పాలియెస్టరే మెరుగు. మన ఎండ సామాన్యమైంది కాదు. పశ్చిమ కనుమలు నైరుతి మేఘాలను ఆపేస్తాయి, బంగాళాఖాతం దూరం కాబట్టి ఈశాన్య వానలూ అంతంతమాత్రమే. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మబ్బు లేని ఆకాశం కింద తగిన రక్షణ మందు కలపని పాలీప్రొపిలీన్ పట్టీ కొన్ని నెలల్లోనే పెళుసెక్కుతుంది. పట్టీని మడిచి చూడండి. మడత దగ్గర తెల్లటి పొడి రాలితే ఆ పట్టీ పని అయిపోయినట్టే.

ఇంకో మూడు జాగ్రత్తలు. ఒకటి, సైలెన్సర్‌కూ సంచికీ మధ్య జానెడు ఎడం ఉండాలి. అంత చోటు లేకపోతే మధ్యలో అల్యూమినియం రేకు బిగించండి, రేకుకూ సంచికీ మధ్య గాలి ఆడనివ్వండి. రెండు, బిగించాక మిగిలే పట్టీ కొసను మడిచి కుట్టించండి లేదా వెల్క్రోతో కట్టేయండి. స్పైడర్ వాళ్లకు వెనక బెల్టు ఉంటుంది, వేలాడే కొసను చక్రం కన్నా ముందు అదే లాక్కుంటుంది. మూడు, ఆగిన ప్రతిచోటా దిగగానే కుడి అరచేతిని కింది పట్టీ వెంట పోనిచ్చి చూడండి. గొట్టానికి చెయ్యి తగలకుండా జాగ్రత్త. పట్టీ మెత్తగా, జిగటగా అనిపిస్తే ఆ సంచిని తీసి సైడ్‌కార్‌లో వేయండి.

సంచి బట్టకు మన ఊరే చాలు

పట్టీ సరైనదైతే సంచి బట్ట విషయంలో పెద్దగా భయపడక్కర్లేదు. 600 డినియర్, 1000 డినియర్ అని రాసి ఉండేది నూలు మందం: 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. పక్క సంచికి 600 సరిపోతుంది, రాళ్ల దారుల్లో రాపిడికి 1000 మేలు. లోపలి పాలీయూరిథేన్ పూత తడికీ వేడికీ కొన్నేళ్లలో పొలుసులుగా ఊడిపోతుంది. పీవీసీ పూత ఉన్న లారీ టార్పాలిన్ బరువెక్కువ, చూపుకు మోటు, కానీ చాలాకాలం నిలుస్తుంది.

ఇక్కడే నా అసలు సలహా. ఊరెళ్లేవారు ఇక్కడ బోలెడు పోసి టూరింగ్ బ్యాగు కొనుక్కుని వెళ్లకండి. మంచి పాలియెస్టర్ పట్టీ, లోహపు బకిళ్లు మాత్రం సూట్‌కేసులో వేసుకుపోండి. సంచి ఊళ్లో కుట్టించుకోండి. ఆటోలకు సీట్లు, టాపులు కుట్టేవారు అనంతపురం, గుంతకల్లు, హిందూపురం, ఎక్కడైనా ఉన్నారు. లారీ టార్పాలిన్లకు అతుకులు వేసే చేతులు మన దగ్గర కావలసినన్ని. రాయదుర్గంలో జీన్స్ కుట్టే కుటుంబాలకు మందపాటి బట్ట మీద వరుస తప్పని కుట్టు కొట్టడం నిత్యం చేసే పని. పట్టీ అతికించేచోట చతురస్రం కుట్టి, లోపల అడ్డంగా గుణకారం గుర్తు వేయమని చెప్పండి. దారం పాలియెస్టర్‌దే కావాలనండి, నూలు దారం ఒద్దనండి. జిప్పు పెట్టించకండి. మన ఎర్రదుమ్ము జిప్పు పళ్లలోకి వెళ్లి నెలలోనే బిగదీస్తుంది. సంచి నోటిని మూడు మడతలు చుట్టి, రెండు పక్కలా క్లిప్పు వేసే పద్ధతి మేలు. దుమ్మూ వానా రెండూ లోపలికి రావు. సంచి సగం ఖాళీగా ఉంటే నడుమున మరో పట్టీతో నొక్కి కట్టండి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. ఆషాఢంలో ఆ గాలి పక్క నుంచి కొడితే, వదులు సంచి బండిని పక్కకు నెడుతుంది.

ఈ విద్య మనకు కొత్త కాదు. ఎద్దు వీపు మీద రెండు పక్కలా సమంగా వేలాడే పెరికెలు వేసి, ఉప్పూ ధాన్యమూ రాయలసీమ దాటించిన లంబాడీలు మన తాండాల పూర్వీకులే. బంజారాలు సేవాలాల్ మహరాజ్ జన్మస్థలంగా కొలిచే సేవాగఢ్ మన గుత్తి దగ్గరే ఉంది. రెండు పక్కలా సమానమైన బరువు, నడుమున వెడల్పాటి పట్టీ, వీపు ఒరుసుకుపోకుండా కింద మెత్త: ఇవాళ్టి బండి సంచులు పాటించే సూత్రాలూ ఇవే. మెత్త కోసం ఫోము వెతక్కండి. కురుబలు నేసిన కంబళి ముక్క వేయించండి. ఉన్ని కరగదు, నిప్పు తగిలినా తేలిగ్గా అంటుకోదు. 2019 నుంచి పెనుకొండ దగ్గర కియా కార్లు తయారై దేశమంతా వెళుతున్నాయి. కార్లు చేసే గడ్డ మీద సంచి కుట్టేవారికి కొదవా?

తిరుగు ప్రయాణంలో

వెళ్లేటప్పుడు సంచిలో సద్దిమూట ఉంటుంది: చెనిక్కాయల ఉండలు, ఓళిగలు, నీళ్ల సీసా. వచ్చేటప్పుడు మన విలువైన సరుకు ఉంటుంది. ధర్మవరం పట్టుచీరను నీరు చొరని సంచిలో నేరుగా పెట్టకండి. లోపలి చెమ్మ బయటికి పోక జరీ నల్లబడుతుంది. పాత నూలు పంచెలో చుట్టి, సైలెన్సర్‌కు దూరంగా సైడ్‌కార్‌లో పెట్టండి. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు కొంటే వాటిని చుట్టనే కూడదు. పలచగా గీకిన మేకతోలు కనుక వేడికి వంకరపోతుంది. రెండు అట్టల మధ్య చదునుగా పెట్టించుకోండి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మను దీపం ముందు పట్టుకుంటే రంగులు ఎలా వెలుగుతాయో మన పిల్లలు ఆ ఊళ్లోనే, ఆ ఇళ్లలోనే చూడాలి.

ఏసీ కారులో అద్దాలు ఎత్తుకుని వెళ్లే పిల్లలకు మన నేల పరిచయం కాదు. సైడ్‌కార్‌లో కూర్చుంటే దారి పక్క చెనిక్కాయ చేను వాసన తగులుతుంది, ఎండిన చెరువు కట్ట మీద ఆగడం కుదురుతుంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన మర్రిమాను ఊడల నడుమ నడిచి, లేపాక్షిలో నేలకు పూర్తిగా ఆనని స్తంభం కింద గుడ్డ జొనిపి చూసిన పిల్లవాడు, మన ఊరేదని ఎవరడిగినా తడుముకోడు. కరువు సీమ అన్న ఒక్క మాటకు మన జిల్లాను కుదించకుండా చూసుకునే బాధ్యత మనది.

చివరగా ఒక విన్నపం. మన పల్లెల్లో మూడు చక్రాల స్కూటర్లు నడిపేవారిలో చాలామంది విహారానికి నడపరు. ప్రభుత్వం ఇచ్చిన బండి మీద రోజూ పనికీ, కాలేజీకీ, ఆసుపత్రికీ వెళ్లే విభిన్న ప్రతిభావంతులు వాళ్లు. ఊతకర్రలు, పుస్తకాలు, టిఫిన్ డబ్బా పెట్టుకోవడానికి సరైన సంచి, తెగని పట్టీ మనకన్నా వాళ్లకే ఎక్కువ అవసరం. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ బండికి ఒక సంచి కుట్టిస్తే, అదే కొలతతో రెండోది కూడా కుట్టించి మీ ఊళ్లో అలాంటి ఒకరికి ఇవ్వండి. పట్టీల ఖర్చు సంఘం భరించేలా కార్యవర్గంతో మాట్లాడే పూచీ నాది.