హార్డెనర్ బేరంలో కిలో ధర ఒక్కటే చూస్తే చాలదు

(మా వాణిజ్య విలేఖరి)

హైదరాబాద్: పాతబస్తీలో రెజిన్ మాట వస్తే లాడ్ బజారు లక్కే ముందు గుర్తుకు వస్తుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గాజుల లక్క వేడికి మెత్తబడుతుంది, చల్లారితే బిగుస్తుంది, మళ్ళీ కాస్తే మళ్ళీ కరుగుతుంది. ఎపాక్సీ రెజిన్ వ్యవహారం వేరు. హార్డెనర్ కలపనిదే అది గట్టిపడదు; ఒకసారి గట్టిపడితే ఇక కరిగేది లేదు. తప్పు సరుకు పడితే గీకి పారేయడమే గతి. ఆ ఖర్చు చివరకు అమ్మినవారి ఖాతాకే చేరుతుంది.

అయినా బేరమంతా హార్డెనర్ కిలో ధర మీదనే సాగుతున్నది. లెక్క కోసం రెజిన్ కిలో 300 రూపాయలు, వర్తకంలో టెటా అనే అమీన్ 500, పాలీఅమైడ్ 350 అనుకుందాం. సాధారణ ద్రవ రెజిన్ 100 కిలోలకు టెటా 13 కిలోలు సరిపోతుంది. పాలీఅమైడ్ పాలు రకాన్ని బట్టి మారుతుంది; 50 కిలోలు అడిగే రకమైతే, కలిపిన సరుకు కిలో సుమారు 317 పడుతుంది. టెటాతో అదే 323. డబ్బా మీద 150 రూపాయల తేడా కలిపేసరికి 6 రూపాయలకు దిగింది! కనుక చూడవలసింది పని.

టెటా చురుకుగా బిగుస్తుంది. అయితే 25 డిగ్రీల వద్ద అరగంట లోపు వాడాల్సిన మిశ్రమం మన మే నెల ఎండలో అంతసేపు ఆగదు. ఒకే బకెట్లో ఎక్కువ కలిపితే తన వేడికి తానే ముదిరి పొగలు కక్కుతుంది. వానాకాలంలో గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చి పైన జిడ్డు పొర కడుతుంది; కడగకుండా రెండో పూత వేస్తే అది నిలవదు. పాలీఅమైడ్ నిదానం, కానీ నీటికి ఓర్చుకుంటుంది, కొంత సాగుతుంది. అన్‌హైడ్రైడ్ రకాలు ట్రాన్స్‌ఫార్మర్ పనివారివి. కొలిమి లేని ఖాతాదారుకు అమ్మరాదు.

జీడిగింజల తొక్క నూనె నుంచి తీసే ఫినాల్కమీన్ మనవారు పట్టించుకోదగిన సరుకు. జీడిపప్పుకు పేరుపడిన పలాస మన తెలుగుసీమదే కదా! చలికి, తడి గచ్చుకు ఈ రకం జంకదు. ఎర్రటి రంగు మాత్రం దాగదు. గాజులాంటి బల్లపూతలు కోరేవారికి పనికిరాదు. వారికి సైక్లోఅలిఫాటిక్ అమీన్లు నప్పుతాయి.

డ్రమ్ము నుంచి సీసాలకు మార్చి లూజుగా అమ్మే చోట అసలు చిక్కు వస్తున్నది. చీటీ పోతే పాళ్ళూ పోతాయి. హార్డెనర్ నాలుగు చుక్కలు ఎక్కువేస్తే ఇంకా గట్టిపడుతుందనుకోవడం భ్రమ. మిగిలిన అమీన్ లోపలే ఉండి సరుకును బలహీనపరుస్తుంది. పైగా అది చర్మాన్ని కాల్చే రసాయనం. రకం పేరు, బరువులో పాళ్ళు, తయారీ తేదీ ప్రతి సీసా మీద ఉండాలి. తెరిచిన డ్రమ్ముకు బిరడా వెంటనే బిగించాలి, ముఖ్యంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా.