ఎదిగిన బిడ్డలు – తెరచిన తలుపులు

పదునారేండ్లు నిండిన కుమారుని మిత్రునివలె చూడవలెనని మన నీతికారులు ఏనాడో చెప్పిరి. చెప్పుట సులభము; కష్టమంతయు ఆచరించుటలోనే యున్నది. ఉయ్యాల లూపి, వ్రేలు పట్టి బడికి నడిపించిన చేయి, పాతికేండ్ల బిడ్డ విషయమున పట్టు సడలించుటకు వెనుదీయును. క్రైస్తవ కుటుంబములలో ఈ కష్టము మరియొక రూపము దాల్చును. తాము నమ్మిన దేవునినే తమ బిడ్డలును నమ్మవలెనను ఆశ తల్లిదండ్రులకు సహజము. ఆ ఆశ ప్రేమగా నిలుచునా, శాసనముగా మారునా యనునదే ప్రశ్న.

గోదావరికి చేరువనున్న లక్సెట్టిపేట 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. నేడు మంచిర్యాల జిల్లాలోనిది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీల కృషివలన ఉత్తర తెలంగాణమున వెలసిన సంఘములు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమున చేరినవి. దీపములు పెట్టిన పిమ్మట ఇంటిల్లిపాది చాపపై కూర్చుండి బైబిలు చదివి, కీర్తన పాడి, మోకరించుట ఈ కుటుంబముల సంప్రదాయము. దీనినే కుటుంబ ప్రార్థన యందురు. నాడు ఆ చాపపై కునికిపాట్లు పడిన బాలురు పెద్దవారై, ఒకరు శ్రీరాంపురము, మందమర్రి బొగ్గుగనులకు, ఒకరు హైదరాబాదునకు, మరియొకరు గల్ఫు దేశములకు పోవుచున్నారు. చాప అదియే, కూర్చుండువారు ఇద్దరే మిగులుచున్నారు.

కువైటు, ఖతరు, ఒమాను దేశములలో వారాంతపు సెలవు శుక్ర, శనివారములు. కావున అచ్చటి సంఘారాధనలు పెక్కు శుక్రవారమే జరుగును. తల్లి ఆదివారము గుడిలో నున్నవేళ కుమారుడు పనిలో నుండును. ఇట్టి యెడబాటులో వారిని కలుపునది చరవాణి యొక్కటే. అందులో మొదట పలుకు మాట యేది? “పైసలెప్పుడు పంపుతవు? గుడికి పోయినవా?” అని యడిగినచో అది విచారణ. “తిన్నవా బిడ్డా? పానం మంచిగున్నదా?” అని యడిగినచో అది తల్లి పలుకు. రెండవ ప్రశ్న విన్న బిడ్డ మొదటి ప్రశ్నకు కూడ అడుగకయే ఉత్తరము చెప్పును.

లూకా సువార్త పదునైదవ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని ఉపమానము విననివా రుండరు. అందరును కుమారుని పశ్చాత్తాపమునే తలంతురు. తండ్రి నడవడి అంతకన్న గమనింపదగినది. కుమారుడు ఆస్తిలో పాలడిగినపుడు పంచియిచ్చెను. వెనుక మనుష్యులను పంపి పట్టి తెప్పింపలేదు. అయినను వాడు ఇంకను దూరముగా నుండగనే చూచి, పరుగెత్తి కౌగిలించుకొనెను. అంత దూరమున గుర్తించెననగా ఆ కన్నులు దారిమీదనే యుండెనని గ్రహింపవచ్చును. కథ అంతటితో ముగియలేదు. పొలమునుండి వచ్చిన పెద్దకుమారుడు అలిగి లోనికి రాకుండగా, తండ్రి తానే వెలుపలికి పోయి బతిమాలెను. ఇంటనే యున్న బిడ్డతో అనుబంధము దానంతటదే నిలుచునని ఆయన యెంచలేదు. దూరమునున్న బిడ్డకై దిగులుపడుచు, దగ్గరనుండి సేవచేయు బిడ్డను మరచు ఇండ్లు ఎన్ని లేవు!

పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో, బిడ్డల మనసు క్రుంగిపోకుండునట్లు వారికి కోపము పుట్టింపవలదని తండ్రులను హెచ్చరించెను. భక్తి పేరిట సాగు సాధింపునకు కూడ ఈ హెచ్చరిక వర్తించును.

ఈ సత్యమును జీవితమున నేర్చుకొన్న తల్లి మోనికా. ఉత్తర ఆఫ్రికాలో 354లో జన్మించిన ఆమె కుమారుడు అగస్టీను యౌవనమున తల్లి విశ్వాసమును విడిచెను. అతనితో వాదించి మనసు మార్పుడని ఆమె ఒక బిషప్పును వేడగా, ఆయన అందుల కంగీకరింపక, కుమారుని విడిచిపెట్టి ప్రార్థన మాత్రము చేయుమని చెప్పెను. తరువాత 383లో కుమారుడు తల్లిని మభ్యపెట్టి, రాత్రివేళ కార్తేజిలో ఓడ యెక్కి రోమునకు పోయెను. ఆమె సముద్రము దాటి మిలానులో అతనిని కలిసికొనెను. 387 ఈస్టరునాడు అతడు బాప్తిస్మము పొందెను. ఆ యేడే ఓస్టియాలో, తోటవైపు కిటికీకి ఆనుకొని తల్లీకొడుకులు నిత్యజీవమును గూర్చి ముచ్చటించుకొనిరి. కొలది దినములకే ఆమె కన్నుమూసెను. బోధించు తల్లి, వినని కొడుకు అను స్థితి పోయి, ఒకే సత్యమును వెదకు మిత్రులైన ఆ క్షణమే ఆ అనుబంధమునకు శిఖరము.

అయితే అందరి కథలును ఇట్లే ముగియవు. మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తె హేమలత 1960లో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడైన లవణంను వివాహమాడెను. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. తండ్రి క్రీస్తు కథను గానము చేసెను. కుమార్తె నాస్తికుల ఇంట మెట్టెను. 1971లో తండ్రి గతించిన పిదప, ఆయన పేర జాషువా ఫౌండేషనును నెలకొల్పి ఆ కీర్తిని కాపాడినది ఆ కుమార్తెయే. మతము వేరైనంత మాత్రమున మమత తెగిపోనక్కరలేదనుటకు ఇది మన తెలుగునాటి నిదర్శనము.

బిడ్డ చెవిని పడుటకై చేయు ప్రార్థన ఉపదేశమే యగును. బిడ్డ కొరకు ఏకాంతమున చేయునదే నిజమైన ప్రార్థన. వృద్ధులైన తల్లిదండ్రులు “మా కొరకు నీవు ప్రార్థింపుము” అని బిడ్డను కోరుటయు మంచిది. నాడు వ్రేలు పట్టుకొని నడచిన బిడ్డకు ఆ మాటతో పెద్దరికము దక్కును. ఇక నేటి విద్యార్థులు మరువరాని సంగతి యొకటి కలదు. దేవునికి అర్పించితిమను నెపముతో తలిదండ్రుల పోషణ మానినవారిని యేసు తీవ్రముగా గద్దించెను. సిలువపై ప్రాణము విడుచుచు సైతము తల్లిని శిష్యునికి అప్పగించెను. తలుపు తెరచి యుంచుట తల్లిదండ్రుల ధర్మమైనచో, ఆ గడప త్రొక్కుట బిడ్డల ధర్మము.