పెరటి గోడ ఎంత ఎత్తు?

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు వంటగది ఏ మూలకు రావాలి, పూజగది తలుపు ఎటు పెట్టాలి అని ఇంజనీరుతో గంటలకొద్దీ చర్చిస్తారు. గృహప్రవేశం వారంరోజుల్లోకి వచ్చి, చేతిలో డబ్బు అడుగంటిన వేళకు మేస్త్రీ వచ్చి, "పెరటివైపు ప్రహరీ ఎంత లేపమంటారండీ?" అని అడుగుతాడు. "ఏదో, అందరిలాగే లేపవయ్యా" అంటాడు ఇంటాయన. ఆ ఇంటి ఇల్లాలు రాబోయే ముప్ఫయ్యేళ్ళూ తలంటి పోసుకుని పెరట్లో నిశ్చింతగా జుట్టు ఆరబెట్టుకోగలదా, పక్కింటావిడతో నాలుగు మాటలు ఆడగలదా అన్నవి రెండూ ఆ ఒక్క మాటతో తేలిపోతాయి. ఆవిణ్ణి ఎవరూ అడగరు.

ఒకసారి కొలిచి చూడండి. 5 అడుగుల పొడవున్న మనిషికి కన్ను నేలనుంచి సుమారు 4 అడుగుల 8 అంగుళాల ఎత్తున ఉంటుంది. గోడ 4 అడుగులే అయితే పక్కవారి నూతిగట్టూ, బట్టలుతికే బండా, ఎండబెట్టిన అప్పడాలూ సమస్తం మన కళ్ళముందే. అదే 5 అడుగులు చేస్తే ఆడవాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవచ్చుగాని చూడలేరు. కాని 5 అడుగుల 8 అంగుళాలున్న మగవాడి కన్ను ఆ గోడ దాటి వస్తుంది. అంటే మనవాళ్ళు "అందరిలాగే" లేపించే గోడ ఆడవాళ్ళ చూపునుంచి ఆడవాళ్ళను కాపాడుతుందేగాని, కాపాడవలసిన చూపునుంచి మాత్రం కాదు. 7 అడుగులకు పోతే ఎవరి చూపూ రాదు, ఎవరి పలకరింపూ రాదు.

పాత ఇళ్ళలో ఈ చిక్కు లేదు. కోస్తా జిల్లాల మండువా లోగిలి చూసినవారికి తెలుసు. ఇంటి మధ్య ఆకాశం, దాని చుట్టూ నాలుగు వసారాలు, వాటి వెనక గదులు. వెలుతురూ గాలీ మండువాలోనుంచే రావాలి గనుక బయటి గోడలకు కిటికీలు తక్కువ; ఉన్నా చిన్నవి. వీధివైపు అరుగు లోకానిది. ఎవరు వచ్చి కూర్చున్నా అడిగేవారు లేరు. మండువా ఇంటివారిది. ఆ ఇల్లే నాలుగువైపులా గోడ అయి తన మనుషులను తాను కప్పుకునేది. హైదరాబాదు డేవడీలలో మర్దానా, జనానా అని రెండు భాగాలు చేసి, ఎత్తయిన గోడలతో ఇదే పని మరింత గట్టిగా చేశారు.

ఇక వెనక దొడ్డికి దడే గతి. తాటాకు దడో, ముళ్ళకంపో, జెముడో, గోరింట వరసో. అది మనుషుల కళ్ళకోసం వేసినది కాదు. మేకలకోసం, పరాయి పశువులకోసం. తాటాకు ఏడాదికో రెండేళ్ళకో చివికిపోతుంది. కొత్తది కట్టేలోగా దడిలో నాలుగు కంతలు పడతాయి. ఎక్కడో ఒకచోట చిన్న దిడ్డి ఉండనే ఉంటుంది. ఆ దిడ్డిగుండా ఎన్ని సరుకులు పోయేవో చూడండి: తోడుకు చెంచాడు మజ్జిగ, పొయ్యి రాజేసుకోవడానికి రెండు నిప్పు కణికెలు, కరివేపాకు రెబ్బలు, బాలింతకు కాయం, చుట్టాలొస్తే పీటలు. "అక్కయ్యగారూ, మా వాడికి జ్వరం తగ్గలేదండీ" అన్న కబురు వీధి గుమ్మందాకా పోనక్కరలేకుండా పోయేది.

ఇదంతా చెప్పి పాతకాలం బంగారం అనబోవడం లేదు. ఆ కంతల్లోనుంచే పక్కింటి కోడలు ఎన్నిమార్లు కంటతడి పెట్టిందో లెక్కలు తీసేవారు. పెరటి గుమ్మందాకా ఎవరు రావచ్చు, దడి అవతలే ఎవరు నిలబడాలి అన్నది కులాన్నిబట్టి ఉండేది. దిడ్డి అందరికీ తెరుచుకున్నది కాదు.

తర్వాత మన ఇల్లే తిరగబడింది. తెల్లదొరల బంగళాలు చుట్టూ ఖాళీ జాగా వదిలి, మధ్యలో ఇల్లు కట్టే పద్ధతి తెచ్చాయి. ఆ జాగాకు వాళ్ళు పెట్టిన పేరు కాంపౌండు. ఆ మాట మలయా భాషలోని కంపంగ్ నుంచి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. 1920లలో మద్రాసులో త్యాగరాయనగరం వేసినప్పుడూ, ఆ తర్వాత మన పట్టణాల్లో వరసగా కాలనీలు లేచినప్పుడూ మధ్యతరగతివారికి కూడా ఈ నమూనాయే ఆదర్శమైంది. కాని ఎకరాల్లో ఉన్న బంగళా ఏర్పాటు రెండుమూడు వందల గజాల స్థలంలోకి వచ్చేసరికి ఏమవుతుంది? నాలుగువైపులా కొంచెం కొంచెం ఖాళీ వదలాలని పురపాలక నిబంధన. ఆ ఖాళీవైపే కిటికీలు. మండువాలో ఉన్న ఆకాశం ఇంటి చుట్టూ పలచగా పరుచుకున్నది. మన వంటింటి కిటికీ తెరిస్తే పక్కవారి పడకగది కిటికీ. పోపు మనది, దగ్గు వారిది. పూర్వం ఇల్లంతా కలిసి చేసిన పనిని ఇప్పుడు జానెడు మందం గోడ ఒక్కటీ చెయ్యాలి. పక్కవారు మేడ వేశారా, ఆ గోడ ఎంత ఉన్నా ఒక్కటే.

మేడమీద కిటికీ తెరిచి మన పెరట్లోకి చూస్తుంటే చట్టం ఏమీ చెయ్యదా అని చాలామంది అడుగుతారు. దీని చరిత్ర తమాషాగా ఉంటుంది. 1882 నాటి ఈజుమెంట్ల చట్టం ఉన్నది గదా. అది మొదట అమలులోకి వచ్చిన ప్రాంతాల్లో మద్రాసు రాజధాని ఒకటి. అందులో మన కోస్తా, సీమ జిల్లాలూ ఉన్నాయి. ఆ చట్టం 18వ సెక్షను కింద ఉదాహరణగా ఒక ఊరిని ఊహించారు. పొరుగువారి మరుగుకు భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదని ఆ ఊళ్ళో ఆచారం ఉంటే, అది పొరుగువారికి హక్కే అవుతుందన్నారు. గుజరాతులో అటువంటి ఆచారాన్ని బొంబాయి హైకోర్టు అంతకుముందే మన్నించింది. 1888లో అలహాబాదు హైకోర్టు గోకల్ ప్రసాద్ కేసులో, ఆడవాళ్ళు మసలేచోటుకు ఎదురుగా కొత్త వసారా, తలుపులు పెట్టడాన్ని తప్పుపట్టి, ఆచారసిద్ధమైన మరుగు హక్కును అంగీకరించింది.

మద్రాసు హైకోర్టు మాత్రం ఇందుకు ఒప్పుకోలేదు. 1866లోనూ, మళ్ళీ 1890లలోనూ వచ్చిన తగాదాల్లో, కిటికీ తెరిచి పొరుగింటిమీద చూపు పడేలా చేయడం దానంతట అది దావాకు ఆధారం కాదనే తేల్చింది. 1865లో ఇంగ్లండులో ప్రభువుల సభ చెప్పిన మాట కూడా ఇదే: చూపు ఇష్టంలేకపోతే నీ స్థలంలో నువ్వు అడ్డం కట్టుకో.

కట్టుకుందాం, కాని ఆలస్యం చెయ్యకూడదు! పక్కవారి ఇంటి కిటికీగుండా 20 ఏళ్ళపాటు అడ్డు లేకుండా వెలుతురూ గాలీ వస్తే అది వారికి హక్కుగా కుదురుకుంటుంది. ఆ తర్వాత మీరు గోడ లేపి దాన్ని గణనీయంగా మూసేస్తే దావా వారు వేస్తారు, మీరు కాదు. ఇందులో ఇంకో మెలిక. ఈ హక్కు ఇంటికే. ఖాళీ స్థలానికి రాదని 17వ సెక్షను. మీ పెరట్లో ఎండ తగ్గిపోయి వడియాలు ఎండకపోతే చట్టానికి సంబంధం లేదు.

నాకు ఒక సంగతి మాత్రం మింగుడుపడదు. అలహాబాదు తీర్పు కాపాడినది ఘోషా. కుటుంబం పరువు అనే లెక్కలోనే ఆడదాని మరుగును తూచారు. బజారుకు, బడికి, ఆఫీసుకు వెళ్ళి వచ్చే స్త్రీకి కూడా ఇంటికి రాగానే ఎవరి కంటా పడకుండా కాసేపు జుట్టు విరబోసుకుని కూర్చునే చోటు ఒకటి కావాలి. దానికి పరదాతో పనిలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో పుట్టస్వామి కేసులో ఏకాంతం ప్రాథమిక హక్కు అన్నప్పుడు ఈ మరుగు పరువునుంచి మనిషికి మారింది. అయితే ఆ కేసు ప్రభుత్వానికీ పౌరునికీ మధ్య నడిచింది. పక్కింటి కిటికీ సంగతి పక్కింటి కిటికీదే.

అమెరికాలో కాపురాలున్న మన పిల్లల ఇళ్ళు చూసివచ్చిన తల్లులు ఇంకో రకం గోడ సంగతి చెబుతారు. అక్కడ ఇంటిముందు గడ్డి బయలుకు చాలా ఊళ్ళలో కంచె ఉండదు. 1870లోనే ఫ్రాంక్ స్కాట్ అనే ఆయన శివారు ఇళ్ళ తోటలగురించి పుస్తకం రాస్తూ, ముంగిలిని పొరుగువారికి కనబడకుండా మూయడం క్రైస్తవ ధర్మం కాదన్నాడు. కాని డాలస్ పరిసరాల్లో మనవాళ్ళుండే ఇళ్ళ వెనకవైపు చూడండి: 6 అడుగుల చెక్క కంచె, సందు లేకుండా. ఎవరూ నడవని ముంగిలి లోకానికి చూపించి, మనుషులు కూర్చునే పెరడు మూసుకుంటారు. పిల్లలు పనికి వెళ్ళాక ఆ పెరట్లో మునగమొక్కకు నీళ్ళు పోస్తూ ఒంటరిగా నిలబడే పెద్దావిడకు, కంచె అవతల కూడా తెలుగు మాట ఉన్నదని తెలియడానికి నెల పట్టినా పట్టవచ్చు.

ఇక్కడ మనకు వచ్చిన కొత్త చూపు కెమెరాది. దొంగలకోసం చూరుకింద బిగించిన కెమెరా పక్కవారి నూతిగట్టు మీదికి తిరిగి ఉంటే, అది రెప్పవేయని కిటికీ. గోడ ఎత్తు దానికి లెక్కలేదు. బిగించేటప్పుడే పక్కవారిని పిలిచి, తెరమీద ఏమి కనబడుతున్నదో చూపించడం మర్యాద.

సరే, గోడ కట్టేవారికి నాకు తోచినది చెబుతాను. గోడంతా ఒకే ఎత్తున ఉండాలని ఎక్కడా లేదు. స్నానాలగది, బట్టలుతికే బండ ఉన్న మేర 7 అడుగులు లేపండి. వంటింటి వెనకవైపు నాలుగున్నర చాలు. పైన మగవాడి చూపు అందేంతవరకు జాఫ్రీ పెట్టి మల్లెతీగ పాకిస్తే మాట పోతుంది, చూపు ఆగుతుంది. పక్కవారి మీదికి తెరుచుకునే మేడ కిటికీ మీదే అయితే దాని అడుగు నేలనుంచి ఐదున్నర అడుగులకు పెట్టించండి, లేదా గరుకు అద్దం వేయించండి. గాజుపెంకులు దొంగకన్నా ముందు పిల్లల చేతులకు గుచ్చుకుంటాయి. మునాది తీసేముందు సర్వేయరుచేత కొలిపించడం, ఉమ్మడి గోడ అయితే ఖర్చు ఎవరెంత, మరమ్మతు ఎవరిది అన్నది కాగితంమీద పెట్టి ఇద్దరూ సంతకాలు చేయడం స్నేహం ఉన్నప్పుడే అవుతుంది. తగాదా వచ్చాక ఆరంగుళాల నేలకోసం ఆరేళ్ళు కోర్టు చుట్టూ తిరిగినవారున్నారు.

పక్కవారూ ఒప్పుకుంటే గోడలో ఒక దిడ్డి వదలండి. దానికి గడియ రెండువైపులా పెట్టించాలి. ఒక్కవైపే పెడితే అది ఎవరివైపు అని మళ్ళీ మాటలు వస్తాయి. రెండున్నర అడుగుల వెడల్పు చాలునని వడ్రంగి అంటాడు. పెళ్ళిలో అన్నం గుండిగ అటునుంచి ఇటు రావాలంటే మాత్రం మూడున్నర చేయించండి.