ఊరి గుట్టు లోకానికి చెప్పిన తాహా హుసైన్

పరాయి దేశం వాళ్ళకు మన ఊరిని పరిచయం చేయవలసి వస్తే ఏం చెబుతాం? చెరువు గురించి చెబుతాం, మసీదు మినార్ గురించి చెబుతాం, మా వాళ్ళు మంచివాళ్ళంటాం. మురుగు కాలువ ఊసెత్తం. అతిథిని ముందు గదిలో కూర్చోబెట్టి వంటింటి తలుపు వేసుకుంటాం. ఈజిప్టు రచయిత డాక్టర్ తాహా హుసైన్ ఆ తలుపు వేయలేదు.

ఆయన 1889లో మిన్యా ప్రాంతంలో, మఘాఘా పట్టణం దగ్గర ఒక చిన్న పల్లెలో పుట్టారు. పసితనంలోనే చూపు పోయింది. అందుకే తన బాల్యకథ ‘అల్ అయ్యామ్’ (రోజులు)ను నోటితో చెప్పి రాయించారు. అది 1926 చివరి నుంచి కైరో పత్రిక ‘అల్ హిలాల్’లో వచ్చి, 1929లో పుస్తకమైంది. 1932లో ఇంగ్లీషులోకి వెళ్ళింది. 1947లో ఫ్రెంచి అనువాదానికి ఆంద్రే జీద్ ముందుమాట రాశారు. జీద్‌కు నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే.

ఇందులో పిరమిడ్లు లేవు. ఇంటి ముందు ఒక దడి ఉంది. అది పిల్లవాడి కంటే ఎత్తు, సందు లేకుండా కట్టినది. దాన్ని దాటిపోయే కుందేళ్ళను చూసి వాడికి అసూయ! సాయంత్రం ఆ దడికి ఆనుకుని, జనం మధ్య కూర్చున్న గాయకుడు పాడే అబూ జైద్ వీరగాథ వింటుంటాడు. కథ రసపట్టులో ఉండగా అక్క వచ్చి ఎత్తుకుపోతుంది. రాత్రి దయ్యాల భయంతో దుప్పటి సందు లేకుండా కప్పుకుంటాడు. కాలువ నుంచి నీళ్ళకుండలతో తిరిగి వచ్చే ఆడవాళ్ళ పాట వినబడితేనే తెల్లవారిందని వాడికి ధైర్యం. చూపు లేని పిల్లవాడి చెవుల గుండా ఊరు మనకు తెలుస్తుంది. నైలు నది ఎక్కడుందో తెలియని పాఠకుడికి కూడా ఈ భయం కొత్త కాదు.

ఇక దాచుకోదగ్గ సంగతులు. కళ్ళు వాచినప్పుడు కొన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మంగలిని పిలిచారు. అతని వైద్యంతోనే చూపు పోయింది. నాలుగేళ్ళ చెల్లెలు జబ్బుపడి, వైద్యుడి మొహం చూడకుండానే బక్రీద్ ముందు రోజు చనిపోయింది. పిల్లలు ఎక్కువ, తల్లికి పని ఎక్కువ, పల్లెల్లో బిడ్డల గతి ఇంతేనని ఆయన రాశారు. ఎవరినీ తిట్టలేదు, ఏదీ దాచలేదు. 1902 కలరా అన్నను కూడా తీసుకుపోయింది.

మక్తబ్ గురించిన పుటలు నావంటి ముదర్రిస్‌కు చేదుగానే ఉంటాయి. అక్కడి ఉస్తాద్ డాబు మనిషి, కానుకల మీద ఆశ ఉన్నవాడు. పిల్లవాడు తొమ్మిదేళ్ళు నిండకముందే హాఫిజ్ అయ్యాడు. ఆ తర్వాత దౌర్ లేక మరచిపోయాడు. ఒకనాడు తండ్రి తన మిత్రుల ఎదుట షుఅరా సూరా చదవమంటే ‘తా సీన్ మీమ్’ దాటి ముందుకు పోలేకపోయాడు. హిఫ్జ్ చెప్పినవాళ్ళెవరూ దీన్ని అబద్ధమనలేరు. 1926లో ఇస్లాంకు పూర్వపు అరబ్బీ కవిత్వంపై ఆయన రాసిన పుస్తకం పెద్ద దుమారం రేపింది. ఆ వాదాలతో మనం ఏకీభవించనక్కరలేదు. ఈ బాల్యకథ విషయం వేరు.

పైగా ఆయన చెప్పి ఊరుకోలేదు. 1950లో విద్యామంత్రి అయ్యాక సెకండరీ చదువును ఉచితం చేశారు. నీరు, గాలి ఎలాగో చదువూ అలాగే అందరికీ అందాలన్నది ఆయన మాట. ఊరి లోపాన్ని పైకి చెప్పినవాడు ఊరికి శత్రువని అనేవాళ్ళు ఈ సంగతి కూడా చూడాలి. 1973లో ఆయన కన్నుమూశారు.

మొదటి భాగంలోని చివరి అధ్యాయం తొమ్మిదేళ్ళ కూతురిని ఉద్దేశించి చెప్పినది. తల్లి ఫ్రెంచి మహిళ, పెరిగింది కైరోలో. నాన్న ఊరు ఆ అమ్మాయికి పరాయి దేశం వంటిదే. తన బాల్యం వింటే నవ్వుతుందో, ఏడుస్తుందో అని ఆయన చాలా తటపటాయించారు. చివరికి, పదమూడేళ్ళ వయసులో అల్ అజ్హర్‌లో చేరి వట్టి రొట్టెతో రోజులు గడిపిన సంగతి చెప్పారు. సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు, ఏం తింటున్నావు, ఎలా ఉన్నావు అని అమ్మానాన్నలు అడిగితే, అంతా హాయిగా ఉందని వాళ్ళకు కథలు అల్లి చెప్పేవాడినని, అబద్ధాల మీద ప్రేమతో కాదు, ఆ ముసలివాళ్ళ మీద జాలితో అలా చెప్పేవాడినని రాశారు.