శేషాచలమున పేరీత

తిరుమల కొండల రాతివాలులలో పేరీత అను చిన్న చెట్టు పెరుగును. చూపునకు ఈతచెట్టువలె నుండును గాని, వంశమును బట్టి ఇది సరళ, దేవదారు వృక్షములకు చుట్టము. వానివలెనే దీని గింజకును కాయ యను కవచము లేదు. ఇట్టి చెట్లను వివృతబీజములందురు. పూలమొక్కలు భూమిపై వ్యాపింపకమునుపే, 25 కోట్ల సంవత్సరములకు పూర్వము, దీని వంశము వెలసినది.

1883లో శాస్త్రజ్ఞులు దీనికి సైకస్ బెడ్డోమి అని పేరిడిరి. ఆంధ్రదేశపు తూర్పు కనుమలలో తప్ప ఇది మరెక్కడను సహజముగా పెరుగదు.

ఈ చెట్లలో ఆడ, మగ వేరు. మగచెట్టు కొనను శంకువు పుట్టి పుప్పొడి విడుచును. నాటువైద్యమునకై కొందరు ఆ శంకువును కోసికొనిపోదురు. చెట్టు చావదు గనుక నష్టమేమియు లేనట్లు తోచును. కాని పుప్పొడి అందని ఆడచెట్టు గింజలు మొలకెత్తవు. మొలచిన కొలదియు వేసవి కార్చిచ్చు పాలగును. పెద్దచెట్లు పచ్చగా నిలిచియుండగనే సంతతి సన్నగిల్లును.

సైటిస్ అను అంతర్జాతీయ ఒడంబడిక అడవిలో పెరిగిన ఈ చెట్ల వాణిజ్యమును నిషేధించినది. 1989లో ఈ కొండలలో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము ఏర్పడెను. ఐనను పుప్పొడి రాలువరకు శంకువును చెట్టుననే ఉండనీయవలెను. గింజలనుండి నారు పెంచవలెను. మొలక ఆడదో మగదో ఏండ్లు గడచి శంకువు వేయు వయస్సు వచ్చినగాని తెలియదు. కావున ఒకటి రెండు గాక, గుంపులుగా నాటవలెను. తిరుపతి యాత్రకు విద్యార్థులను కొనిపోవు ఉపాధ్యాయులు ఈ చెట్టును చూపి, దాని శంకువును తాకవలదని చెప్పుట మేలు.