ఆమీన్ అంటే చాలదు, అమీన్ కావాలి

నమాజులో ఇమాం ఫాతిహా సూరా ముగించగానే మనం 'ఆమీన్' అంటాం. కొందరు బిగ్గరగా, కొందరు మెల్లగా. ప్రభూ, మా మొర ఆలకించు అని దాని భావం. క్రైస్తవులు, యూదులు ప్రార్థన చివర 'ఆమేన్' అంటారు. ఈ పోలిక కాకతాళీయం కాదు. అరబీ, హీబ్రూ ఒకే సెమిటిక్ కుటుంబపు భాషలు. వాటిలో చాలా మాటలు మూడక్షరాల ధాతువు నుంచి పుడతాయి. ఇక్కడ ఆ అక్షరాలు అలిఫ్, మీమ్, నూన్. అమ్న్ అంటే శాంతి, ఈమాన్ అంటే విశ్వాసం, అమానత్ అంటే నమ్మి అప్పగించిన సొత్తు, అమీన్ అంటే నమ్మదగినవాడు. హీబ్రూలో విశ్వాసాన్ని 'ఎమునా' అంటారు.

అయితే ధ్వని కలిసిన ప్రతి మాటా చుట్టం కాదు. ఈజిప్టు ప్రాచీన దేవుడు 'అమున్' పేరు నుంచే ఆమేన్ వచ్చిందని కొందరు ఊహిస్తారు. ఆ పేరుకు అర్థం 'మరుగున ఉన్నవాడు'. ధ్వని దగ్గరిదే, ధాతువు వేరు.

ఈ కుటుంబం తెలుగులోకీ వచ్చింది. జప్తుకు వచ్చే కోర్టు అమీనాను చూస్తే ఊళ్లో గుబులు. ఆ పేరుకు అసలు అర్థం మాత్రం నమ్మకస్తుడనే!

ప్రవక్త కాకముందే ముహమ్మద్ (స)ను మక్కావాసులు 'అల్ అమీన్' అని పిలిచేవారు. 622లో హిజ్రత్ వేళ, తన ప్రాణం తీయజూసిన ఊరివారి అమానతులను సైతం తిరిగి అప్పగించేందుకు ఆయన హజ్రత్ అలీ (ర)ని మక్కాలో ఉంచి వెళ్లారు.

పొరుగువారు దాచమన్న సొమ్ము, చెల్లెలికి చెందాల్సిన వాటా, కూలివాడి బాకీ మన దగ్గరే అట్టిపెట్టుకుని ఆమీన్ అంటే, ఆ మాటే మనల్ని నిలదీస్తుంది.