కార్టు పందెములు: తల్లులు తెలిసికొనవలసిన విషయములు

పల్నాటిసీమవారికి పందెము క్రొత్తది కాదు. ముప్పాళ్ళ మొదలగు గ్రామములవారు తిరునాళ్ళలో ఒంగోలుజాతి యెడ్లు బండలు లాగుట చూచుచునే పెరుగుదురు. ఎద్దును పందెమునకు సిద్ధపఱచుట యొక్కనివలన నగు పని గాదు. తండ్రి తోలవలయును, కొడుకు కడుగవలయును, తల్లి యులవలుడికించి పెట్టవలయును. ఇట్టి యిండ్లలోని పిల్లలు సెలవులలో హైదరాబాదు పోయి, అచ్చట గో-కార్టులను చిన్న మోటారుబండ్లను చూచి, "అమ్మా, మేమును నడుపుదుము" అని యడుగుట సహజము. ఈ వినోదము కుటుంబమునకు తగినదా? ఆడపిల్లల నందు కూర్చుండబెట్టవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే యీ వ్యాసోద్దేశము.

కార్టు పుట్టినది 1956వ సంవత్సరమున, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో. పందెపు కారులు తయారుచేయు ఆర్ట్ ఇంగెల్స్ అను నతడు గడ్డికోయు యంత్రపు ఇంజను నొకదానిని ఇనుపగొట్టముల చట్రమునకు బిగించి దీనిని నిర్మించెను. నేటికిని దీని స్వరూప మంతగా మాఱలేదు. దీనికి పైకప్పు లేదు, తలుపులు లేవు, కుదుపు నాపు స్ప్రింగులును లేవు. కుడికాలి క్రింద వేగము పెంచు పెడలు, ఎడమకాలి క్రింద బ్రేకు ఉండును. అద్దెకిచ్చు కార్టులలో సాధారణముగా గేరులు మార్చు పని యుండదు. కనుక పదిమాటలలో నేర్పదగిన విద్య యిది.

ఈ యాట కుటుంబము లెట్లు పాల్గొనునో తెలుపుటకు జర్మనీదేశపు షూమాకర్ కుటుంబ మొక దృష్టాంతము. తండ్రి తాపీపనివాడు; కెర్పెన్ పట్టణముకడ కార్టుల బాటను చూచుకొనుచుండెడివాడు. తల్లి యచ్చటనే ఫలహారశాల నడిపెను. నాలుగేండ్ల కొడుకున కాతండ్రి పెడలుబండికి మోటారుసైకిలు ఇంజను బిగించి యిచ్చెను. ఆ బాలుడే మైకేల్ షూమాకర్. 1994 మొదలు 2004 వఱకు ఏడుమాఱులు ఫార్ములా వన్ ప్రపంచవిజేత యయ్యెను. మన తెలుగుగడ్డపైనను మోటారుపందెముల సందడి వినబడినది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదు హుస్సేనుసాగరు తీరమున విద్యుత్కారుల ఫార్ములా ఈ పందెము జరుగగా, ఫ్రాన్సుదేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను.

ఇక ముఖ్యవిషయము. ఎడ్లబండిలో ఇరుసు తిరుగదు. చక్రములు మాత్రమే తిరుగును. కార్టులో నట్లు గాదు. వెనుక చక్రములు రెండును ఒకే యుక్కుయిరుసునకు బిగింపబడి, ఇరుసుతో గూడ తిరుగును. అది నడుపువారి వీపునకు జేనెడు దూరముననే యుండును. కార్టు గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవునప్పు డా యిరుసు సెకనుకు సుమారు 12 చుట్లు తిరుగును. అనగా రెండు మూరల జడ యైనను కేకవేయునంతలో చుట్టుకొనిపోవును.

ఇది యూహ గాదు. 2018లో హర్యానారాష్ట్రపు పింజోరులోను, 2020 అక్టోబరులో హైదరాబాదు శివారునందలి గుర్రంగూడలోను, విహారమునకై కార్టెక్కిన స్త్రీలు తలవెండ్రుకలు బండికి చుట్టుకొని ప్రాణములు కోల్పోయిరి. 1927లో ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ ఫ్రాన్సులోని నీస్ నగరమున, మెడలోని పట్టువస్త్రము కారుచక్రమునకు చుట్టుకొనగా మరణించెను. కార్టున కైనను కారున కైనను చక్ర మొక్కటియే. వ్రేలాడు వస్తువును విడువదు. హెల్మెటు పెట్టుకొంటిమిగదా యని ధైర్యపడరాదు. హెల్మెటు తలను కాపాడును గాని, దానిక్రిందనుండి వ్రేలాడు జడను కాపాడజాలదు.

కావున తల్లి మొదట తానొక్కతెయే పోయి యొకగంట చూచిరావలయును. వెనుక ఇరుసునకును ఇంజనునకును కప్పు గలదా? పనివారు ప్రతి స్త్రీ జడను పరీక్షించియే బండి విడుచుచున్నారా? చున్నీతో కూర్చున్నవారిని దింపుచున్నారా? లేదని తోచినచో, ఎంత పేరుపొందిన చోటైనను వెనుదిరిగి రావలయును.

జడను బిగువుగా నల్లి, ముడిచుట్టి, గుడ్డటోపీలో దోపి, దానిపై హెల్మెటు పెట్టి గడ్డముక్రింద పట్టీ బిగింపవలయును. మిగిలిన కొసలను చొక్కాలోపలికి దోపవలయును. ఓణీ, చున్నీ, చీరకొంగు, పూలదండ, మెడగొలుసు — వీనిలో నొక్కటియు నుండరాదు. ఒంటికి సరిపోవు చొక్కా, లాగు, కాలివ్రేళ్ళు మూయు బూట్లు తగినవి. ముడిచిన జడపై హెల్మెటు సరిగా కూర్చుండనిచో పెద్దదానిని అడుగవలయునే గాని, వదులుగా పెట్టుకొనరాదు. గర్భిణులును, నడుమునొప్పి గలవారును ఈ బండి యెక్కరాదు. కుదుపంతయు వెన్నెముకకే తగులును.

పిల్లల పాదములు పెడళ్ళ కందవలయును. అందనిచో మఱుసటి యేడు చూడవచ్చును. మలుపునకు ముందే, తిన్నని దారిలో బ్రేకు నొక్కి, పిమ్మట చక్రము త్రిప్పవలయును. రెండు పెడళ్ళ నొక్కసారి త్రొక్కరాదు. పసుపుజెండా అపాయమును దెలుపును. అప్పు డితరులను దాటరాదు. నీలిజెండా వెనుకవారికి దారి యిమ్మనును, ఎఱ్ఱజెండా యాగుమనును. బండి యాగిపోయినచో దిగి పరుగెత్తక, చేయి పైకెత్తి కూర్చుండవలయును.

ఖర్చు విషయమున తొందర వలదు. సొంతకార్టు కొన్నచో టైర్లు, ఇంజనుమరమ్మతు, మోసికొనిపోవు బండి యను మూడు వ్యయములు వెన్నంటును. మొదటి యేడు అద్దెబండ్లే చాలును. ఒక చిన్న పుస్తకములో ప్రతివారి చుట్టుకాలమును తేదీతో వ్రాయుడు. అన్నతో చెల్లెలిని పోల్చక, నిన్నటి తనతో నేటి తన్ను పోల్చుకొనుట నేర్పుడు. నిజముగా ఆసక్తి నిలిచిన పిల్లలకు భారత మోటారు క్రీడాసంఘముల సమాఖ్య లైసెన్సు పొంది, పోటీలలో దిగు మార్గము కలదు. అయితే ఊరిబాటలపై మాత్ర మీ బండ్లను నడుపరాదు.

సోదరీమణులారా! ఆపద విన్నంతనే "ఆడపిల్లల కేల యీ యాటలు?" అనుట సులభము. కాని మగపిల్లవాడు నడుపగల బండిని మన యమ్మాయియు నడుపగలదు. ఆమెకు ఆపద తెచ్చునది ఆమె ఆడతనము గాదు, వ్రేలాడు జడ. దానికి వలసినది నిషేధము గాదు, ఒక ముడి. ఆ ముడి వేయవలసినది మనమే. వేసిన పిమ్మట, వీలైనచో, ప్రక్కబండిలో మనమును కూర్చుందము.